బాగానే తింటోంది, మరి బరువెందుకు తగ్గుతోంది?

లాబ్రడార్ 30 కిలోల నుంచి 27కు వచ్చిందంటే ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మూడు కిలోలే కదా అంటారు. అదే లెక్క 60 కిలోల మనిషికి వేసి చూడండి, ఆరు కిలోలవుతుంది. డైటింగ్ లేదు, వ్యాయామం లేదు, ఇంట్లో ఒకరు రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గారంటే మర్నాడే రక్తపరీక్షకు పరిగెత్తిస్తాం.

పశువైద్యులు గీసుకున్న గీత 10 శాతం. మనం తగ్గించాలని ప్రయత్నించకుండా, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు పోవడం వల్ల కాకుండా, ఉన్న బరువులో పదో వంతు పోయిందంటే కారణం వెతికి తీరాలి. 5 శాతం దగ్గరే మేలుకోవడం ఇంకా మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే చిన్న కుక్కల్లో 10 శాతం కంటికి ఆనదు. మన ఇళ్లలో పామేరియన్ అని పిలుచుకునే తెల్ల బొచ్చు కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. ఆరు కిలోల స్పిట్జ్‌కు 10 శాతం అంటే 600 గ్రాములు. అంత దట్టమైన బొచ్చు కింద 600 గ్రాములు పోయినా రోజూ చూసేవాళ్లకు తెలియదు. చాన్నాళ్లకు ఇంటికొచ్చిన చుట్టం 'ఏంటిలా అయిపోయింది?' అన్నప్పుడే తెలుస్తుంది.

చిక్కిపోయిన కుక్కను క్లినిక్‌కు తెచ్చేవాళ్లు మామూలుగా రెండు మాటల్లో ఒకటి చెబుతారు. 'ఎండలకు సరిగా తినడం లేదండీ' అనేది మొదటిది. 'బాగానే తింటోందండీ, ఒంటికే పట్టడం లేదు' అనేది రెండోది. మొదటి మాట చెప్పేవాళ్ల మొహంలో కంగారుంటుంది. రెండో మాట చెప్పేవాళ్లు కాస్త నిబ్బరంగా ఉంటారు, తిండి తింటున్నంత కాలం భయం లేదన్న ధైర్యంతో. డాక్టర్ చెవులు నిక్కబొడుచుకునేది మాత్రం ఆ రెండో మాటకే. తిండి మానేసిన కుక్కకు పంటినొప్పి నుంచి జ్వరం దాకా కారణం ఏదైనా కావచ్చు. కడుపు నిండా తింటూ చిక్కిపోయే కుక్క విషయంలో అనుమానాల చిట్టా బాగా చిన్నది. దానిలో చాలావాటికి నిర్ధారణ పరీక్ష ఉంది, మందూ ఉంది. 'తింటోంది కదా' అనుకుంటూ గడిపిన నెలలే అసలు నష్టం.

ముందు తూకం

ఇంట్లో కుక్కను తూచడం కష్టమేమీ కాదు. దాన్ని ఎత్తుకుని బరువు చూసుకునే మిషన్ మీద నిలబడండి, తర్వాత దించేసి ఒక్కరే నిలబడండి. తేడాయే దాని బరువు. ఇందులో ఒక చిక్కుంది. ఇంటి మిషన్లు 100 గ్రాముల మెట్లలో చూపిస్తాయి. 15 కిలోల కుక్కకు అది లెక్కలోకి రాదు కానీ, మూడు కిలోల కుక్కకు 100 గ్రాములంటే 3 శాతం పైమాటే. అంత చిన్నవాటికి పసిపిల్లల్ని తూచే మిషన్ నయం. లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు ఎత్తుకోగలిగే సరుకు కాదు కాబట్టి క్లినిక్‌లో నేలమీద ఉండే తూకం వాడుకోవాలి. ఎక్కడ తూచినా ఎప్పుడూ అదే మిషన్ మీద, తిండి పెట్టకముందు, రెండు వారాలకోసారి తూచి క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. ఒక్క అంకె ఏమీ చెప్పదు. నాలుగైదు అంకెలు వరసగా ఉంటే డాక్టర్‌కు సగం పని తప్పుతుంది.

తూకంతో పాటు చెయ్యి కూడా కావాలి. ప్రపంచమంతా పశువైద్యులు 1 నుంచి 9 వరకు ఉండే ఒక కొలమానం వాడతారు. 4, 5 ఆరోగ్యకరం. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే విపరీతమైన లావు. ఒక్కో మెట్టు దాదాపు 10 శాతం బరువుతో సమానం. దీన్ని ఇంట్లో చూడాలంటే పిడికిలి బిగించి కణుపుల మీద రెండో చేతి వేళ్లతో తడమండి. కుక్క పక్కటెముకలు అలా గుచ్చుకుంటే బాగా చిక్కినట్టు. చెయ్యి చాచి వెనకవైపు తడిమితే పలచని చర్మం కింద ఎముకలు తగులుతాయే, పక్కటెముకలు అలా తగలాలి. అరచేతి వైపులా మెత్తగా ఉంటే కొవ్వెక్కువ. ముధోల్ (క్యారవాన్), రాజపాళయం జాతులకు ఈ లెక్క పూర్తిగా వర్తించదు. అవి పరుగు కోసం పుట్టిన వేటకుక్కలు. చివరి రెండు మూడు పక్కటెముకలు బయటికి కనిపించడం వాటికి సహజం.

తూకం మోసం చేసే సందర్భాలు రెండున్నాయి. ముసలి కుక్కల్లో కండ కరిగి, దాని చోట కొవ్వు చేరుతుంది. బరువు అంకె కదలదు. తల మీద కణతల దగ్గర గుంటలు పడ్డాయా, వెన్నెముకకు ఇరువైపులా కండ పోయి వెన్ను గట్టులా తేలిందా అని చూస్తే తెలుస్తుంది. రెండోది ఇంకా ప్రమాదకరం. పొట్టలో నీరు చేరితే లీటరు నీటికి ఒక కిలో బరువు. కాలేయం, గుండె, పేగుల జబ్బుల్లో కుక్క రెండు కిలోల కండ కోల్పోయి, రెండు లీటర్ల నీరు పోగేసుకుంటే తూకం 'మార్పేమీ లేదు' అంటుంది. వీపు చిక్కి, పొట్ట మాత్రం గుండ్రంగా ఉబ్బిందంటే తూకాన్ని నమ్మొద్దు.

గిన్నెలో ఎంత ఉంది

జబ్బులకు వెళ్లేముందు గిన్నె లెక్క చూడాలి, చాలా కథలు ఇక్కడే తేలిపోతాయి కాబట్టి. కుక్క కదలకుండా పడుకున్నా ఖర్చయ్యే శక్తికి ఒక సూత్రం ఉంది. దాని బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించాలి. ఘాతాలతో తలనొప్పి వద్దనుకుంటే కిలోల బరువును 30తో గుణించి 70 కలపండి, మధ్యరకం కుక్కలకు దాదాపు అదే జవాబు వస్తుంది. ఆ జవాబును, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు 1.6తో, కాని దానికి 1.8తో గుణిస్తే రోజు మొత్తానికి కావాల్సిన క్యాలరీలు వస్తాయి. ఆపరేషన్ అయిన 10 కిలోల కుక్కకు సుమారు 630, 20 కిలోల దానికి 1,060, 30 కిలోల దానికి 1,430 పైచిలుకు. బరువు మూడింతలైనా తిండి మూడింతలు కాదన్నది గమనించండి. చిన్న కుక్కలు కిలో ఒక్కింటికి ఎక్కువ తింటాయి.

ఇప్పుడు పెరుగన్నం. 10 కిలోల కుక్కకు పూటకు 150 గ్రాముల అన్నం, 100 గ్రాముల పెరుగు చొప్పున రెండు పూటలు పెడుతున్నారనుకుందాం. 100 గ్రాముల అన్నంలో 130 క్యాలరీలు, పెరుగులో 60. పూటకు 255, రోజుకు 510. కావాల్సింది 630, అంటే రోజుకు 120 తక్కువ. నెలకు 3,600. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలుంటాయి కాబట్టి నెలకు దాదాపు అరకిలో, రెండు నెలలకు కిలో కరుగుతుంది. 10 కిలోల కుక్కకు అదే 10 శాతం. రోజూ గిన్నె ఖాళీ చేస్తూనే, నాకి మరీ ఖాళీ చేస్తూనే, అది గీత దాటేసింది. ఒళ్లు ఖర్చు తగ్గించుకుని నష్టం కాస్త నెమ్మదించవచ్చు గానీ దిశ మారదు.

క్యాలరీల కన్నా పెద్ద లోటు మాంసకృత్తుల్లో ఉంది. అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారానికి ప్రమాణాలు పెట్టే ఆఫ్కో సంస్థ లెక్కలో పెద్ద కుక్కకు ప్రతి 1,000 క్యాలరీలకు కనీసం 45 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. 630 క్యాలరీలకు 28 గ్రాములు. మన పెరుగన్నంలో వచ్చేది 15 గ్రాములు. సగమే. మిగతా సగం కుక్క తన కండల్లోంచి తీసుకుంటుంది. రోజుకు రెండు ఉడకబెట్టిన గుడ్లు కలిపితే 12 గ్రాముల మాంసకృత్తులు, 150 క్యాలరీలు వచ్చి రెండు లోట్లూ చాలావరకు పూడతాయి. అలాగని అది సంపూర్ణాహారం కాదు. కాల్షియం, జింక్ వంటివి ఇంకా మిగిలే ఉంటాయి, వాటికి వెట్ సలహా కావాలి. ఇంట్లో శాకాహారులైతే కుక్క కోసం ప్యాకెట్ తిండి తెచ్చుకోవడం తేలికైన దారి.

ప్యాకెట్ తిండిలోనూ ఒక ఉచ్చుంది. బ్రాండు మారిస్తే క్యాలరీలు మారతాయి. 100 గ్రాములకు 400 క్యాలరీలున్న దాని నుంచి 330 ఉన్నదానికి మారి అదే గ్లాసు కొలతతో పెడితే, తెలియకుండానే 17 శాతం కోత పెట్టినట్టు. రెండు కుక్కలున్న ఇళ్లలో పెద్దది చిన్నదాని గిన్నె కూడా ఊడ్చేయడం మామూలే. వేర్వేరు గదుల్లో పెట్టి రెండు వారాలు చూస్తే ఆ గుట్టు బయటపడుతుంది. పిల్లలకు పాలిచ్చే తల్లికైతే అవసరం రెండింతల నుంచి నాలుగింతల దాకా పెరుగుతుంది. అది చిక్కడం జబ్బు కాదు, ఆకలి.

తిన్నది ఎటు పోతోంది

గిన్నె లెక్క సరిపోయింది, అయినా బరువు తగ్గుతోంది. ఇప్పుడు అనుమానించాల్సినవి మూడు. తిన్నది అరగకపోవడం, అరిగినా ఒంటికి అందకపోవడం, అందింది ఎవరో దోచుకోవడం.

దోచుకునేవాళ్లతో మొదలుపెడదాం. కుక్కల్లో ఉండే కొంకి పురుగు ఒక్కొక్కటి రోజుకు 0.1 మిల్లీలీటరు వరకు రక్తం లాగుతుంది. చుక్కలో చుక్క. కిలో బరువున్న కూన ఒంట్లో ఉండే మొత్తం రక్తం 80 నుంచి 90 మిల్లీలీటర్లు. దాని పేగుల్లో వంద పురుగులుంటే రోజుకు 10 మిల్లీలీటర్లు, అంటే తొమ్మిదో వంతు. చిగుళ్లు తెల్లగా పాలిపోయిన కూనను 'రేపు చూద్దాం' అని వాయిదా వేయకూడదన్నది ఇందుకే. ఈ పురుగులు తల్లిపాల ద్వారానే కూనకు చేరతాయి. ఏలిక పాములైతే కడుపులో ఉండగానే చేరతాయి. అందుకే నట్టల మందు రెండో వారంలోనే మొదలుపెట్టి 2, 4, 6, 8 వారాలకు వేస్తారు.

పెద్ద కుక్కల్లో మాత్రం నట్టల మందును మనం కాస్త ఎక్కువగా నమ్ముతాం. చిక్కిన ప్రతి కుక్కకూ ఒక మాత్ర, ఒక లివర్ టానిక్ సీసా. మందు వేశాక మూడు వారాలైనా బరువు తేరుకోలేదంటే మళ్లీ అదే మాత్ర వేయడం కాలయాపన. మల పరీక్ష చేయించాలి, అదీ ఒక్కసారితో సరిపెట్టకూడదు. కొరడా పురుగు లోపలికి చేరాక గుడ్లు పెట్టడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా మైక్రోస్కోప్ కింద ఏమీ కనపడదు, కుక్క మాత్రం చిక్కుతూనే ఉంటుంది.

అరగకపోవడానికి అచ్చమైన ఉదాహరణ క్లోమం ఎండిపోవడం. తిన్నదాన్ని అరిగించే ఎంజైములను తయారుచేసేది క్లోమమే. ఆ శక్తిలో 85 నుంచి 90 శాతం పోయేదాకా పైకి ఏ లక్షణమూ కనపడదు. ఆ తర్వాత ఒక్కసారిగా కథ మారుతుంది. కుక్కకు తీరని ఆకలి. గిన్నె, చెత్తబుట్ట, చివరికి తన మలం కూడా వదలదు. మలం చూస్తే లేత పసుపులో, బూడిద రంగు కలిసి, మెత్తగా, జిడ్డుగా, తిన్నదానికన్నా ఎక్కువేమో అన్నంత పరిమాణంలో ఉంటుంది. రోజుకు నాలుగైదుసార్లు వెళ్తుంది. ఇది జర్మన్ షెపర్డ్‌లలో వంశపారంపర్యంగా వస్తుంది, చాలావాటిలో ఐదేళ్ల లోపే బయటపడుతుంది. యజమానులు ఆ ఆకలి చూసి 'ఎదిగే వయసు' అనుకుంటారు.

దీనికి టీఎల్ఐ అనే రక్తపరీక్ష ఉంది. ఖాళీ కడుపున తీసిన రక్తంలో లీటరుకు 5.7 మైక్రోగ్రాముల పైన ఉంటే మామూలు, 2.5 లేదా అంతకన్నా తక్కువైతే జబ్బు ఖాయం. మధ్యలో వస్తే కొన్నాళ్లాగి మళ్లీ చేస్తారు. ఇంత స్పష్టంగా అవును, కాదు అని చెప్పే పరీక్షలు పశువైద్యంలో అరుదు. చికిత్స కూడా సూటిగానే ఉంటుంది. ప్రతి పూటా తిండిలో ఎంజైముల పొడి కలపాలి, జీవితాంతం. ఈ కుక్కల్లో అత్యధిక భాగానికి బీ12 కూడా తక్కువగా ఉంటుంది, ఆ ఇంజెక్షన్లు వేయకపోతే పొడి ఒక్కటే సరిగా పనిచేయదు.

అరిగినా అందకపోవడం అంటే షుగర్. కుక్కకూ షుగర్‌కూ ఉన్న బంధం పాతది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆస్కర్ మింకోవ్‌స్కీ, యోసెఫ్ ఫాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసేశారు. అది అదేపనిగా మూత్రం పోస్తూ చిక్కిపోయింది, మూత్రంలో చక్కెర తేలింది. మనుషుల మధుమేహానికి మూలం క్లోమంలో ఉందని ప్రపంచానికి తెలిసింది ఆ కుక్క వల్లే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనిపెట్టిందీ కుక్కల మీద ప్రయోగాలతోనే. ఆ ఇన్సులినే ఇవాళ కుక్కలకు కూడా మందు. వాటి షుగర్ దాదాపు ఎప్పుడూ ఇన్సులిన్ కావాల్సిన రకమే, మన మాత్రలు పనిచేయవు. 12 గంటలకో ఇంజెక్షన్.

కుక్క రక్తంలో చక్కెర 180 నుంచి 220 దాటితే మూత్రపిండాలు దాన్ని ఆపలేవు, మూత్రంలోకి వదిలేస్తాయి. చక్కెర తనతో పాటు నీటిని లాక్కుపోతుంది, దాంతో దాహం. కుక్క మూత్రం పోసిన చోట చీమలు పట్టడం చూసి క్లినిక్‌కు వచ్చేవాళ్లున్నారు. అది నిజంగా మంచి పరిశీలన. రక్తంలో ఎంత చక్కెరున్నా కణాల్లోకి వెళ్లకపోవడంతో ఒళ్లు పస్తులున్నట్టే భావించి కొవ్వును, కండను కరిగిస్తుంది. ఎంత తిన్నా చిక్కిపోయేది ఇందుకే. 200 కుక్కల మీద అమెరికాలో చేసిన అధ్యయనం ఒకటి 1999లో వచ్చింది. షుగర్ తేలిన 170 రోజుల్లో సగం కుక్కలకు, 470 రోజుల్లో 80 శాతానికి కంటిలో పొర వచ్చింది. బరువు దగ్గర పట్టుకోకపోతే చూపు దగ్గర పట్టుకోవాల్సి వస్తుందన్నమాట. ఏడెనిమిదేళ్ల వయసున్న, ఆపరేషన్ కాని ఆడకుక్కలకు ముప్పు మరీ ఎక్కువ.

దాహాన్ని ఇంట్లోనే కొలవొచ్చు. పొద్దున సీసాతో కొలిచి గిన్నెలో పోయండి, మర్నాడు మిగిలింది తీసేయండి. రోజుకు కిలో బరువుకు 50, 60 మిల్లీలీటర్లు మామూలు. 100 దాటితే అసహజం. 20 కిలోల కుక్క రోజుకు రెండు లీటర్లకు మించి తాగుతోందంటే వేసవి మీద నెపం వేయకుండా మూత్రం, రక్తం పరీక్ష చేయించాలి.

పేగుల వాపు గురించి ఒక్క మాట. మూడు వారాలకు మించి విరేచనాలు, వాంతులు ఉంటూ బరువు తగ్గుతుంటే, సగం పైన కుక్కల్లో తిండి మారిస్తేనే మార్పు వస్తుంది, అదీ రెండు వారాల్లోపే. డాక్టర్ చెప్పిన ఒకే ఒక్క రకం తిండి. మధ్యలో బిస్కెట్ ముక్క పడేస్తే మళ్లీ మొదటికి.

పిడుదుల లెక్క

మన దగ్గర చిక్కిన కుక్క వస్తే డాక్టర్ మొదట చెవి మడిచి, కాలివేళ్ల మధ్య విప్పి చూస్తారు. వెతికేది గోధుమరంగు పిడుదుల కోసం. క్లినిక్‌లో టిక్స్ అంటారు. ఒక్క ఆడ పిడుదు రక్తం తాగి బఠాణీ గింజంత ఉబ్బి, కిందపడి, గోడ పగుల్లో వేలల్లో గుడ్లు పెడుతుంది. ఇది గడ్డి మైదానాల్లోనే బతికే పురుగు కాదు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో, తలుపు చట్రం సందులో తన జీవితచక్రం మొత్తం పూర్తి చేయగలదు. కుక్కకు మందు కొట్టి గోడను వదిలేస్తే పని సగమే అయినట్టు.

అది మోసుకొచ్చే జబ్బుల్లో ముఖ్యమైంది ఎర్లీకియా. 1935లో అల్జీరియాలో తొలిసారి వర్ణించారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన కుక్కలు, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లు, దీనివల్ల వందల్లో చనిపోయాక ప్రపంచం దృష్టి పడింది. దీని నడక మోసపూరితం. కుట్టిన 8 నుంచి 20 రోజులకు జ్వరం వస్తుంది, రెండు మూడు వారాలు నలతగా ఉండి తేరుకుంటుంది. 'తగ్గిపోయింది' అనుకుంటాం. క్రిమి లోపలే నెలలు, కొన్నిసార్లు ఏళ్లు దాక్కుని, కొన్ని కుక్కల్లో మళ్లీ బయటపడుతుంది. అప్పుడు కనిపించేది జ్వరం కాదు. నెమ్మదిగా చిక్కిపోవడం, పాలిపోవడం, ముక్కులోంచి రక్తం. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల లెక్క మనకు కొత్త కాదు. కుక్కకు 2 లక్షల నుంచి 5 లక్షల మధ్య ఉండాలి. ఈ జబ్బులో అవి పడిపోతాయి. డాక్సీసైక్లిన్ కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన 28 రోజులు వాడాలి. ఐదో రోజుకే కుక్క గంతులేస్తుంది, చాలామంది కోర్సు ఆపేసేది కూడా అప్పుడే.

రెండో క్రిమి బబేసియా గిబ్సోనై. దీనికి మన పొరుగుతో నేరుగా సంబంధం ఉంది. 1910లో ప్యాటన్ అనే శాస్త్రవేత్త దీన్ని మద్రాసులో దొరల వేటబృందం పెంచిన కుక్కల రక్తంలో గుర్తించారు, తర్వాత నక్కల్లో కూడా చూశారు. ఎర్ర రక్తకణాలను పగలగొట్టే ఈ క్రిమి ఎర్లీకియా మందుకు లొంగదు, దీని మందులు వేరు. మూడోది హెపటోజూన్, 1905లో ఇదీ భారత్‌లోనే తొలిసారి వర్ణించిన క్రిమి. ఇది పిడుదు కుడితే రాదు. ఒంటిని నాక్కుంటూ కుక్క ఆ పిడుదును మింగితే వస్తుంది. ఒకే పిడుదుల గుంపు ఈ మూడింటినీ మోయగలదు కాబట్టి ఒక కుక్కలో రెండు కలిసి ఉండటం వింతేమీ కాదు.

ఇక్కడే జ్వరం లెక్క కూడా. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. ముట్టుకుంటే మనకు వెచ్చగానే తగులుతుంది. 101.5 చూసి పారాసెటమాలో, ఇబుప్రోఫెనో వేయడం అన్యాయం. ఇబుప్రోఫెన్ కుక్క కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తుంది.

వయసు మీద నెట్టేసేవి

పదేళ్ల కుక్క తగ్గితే 'ముసలిదైపోయింది' అనేస్తాం. వయసు జబ్బు కాదు. ముసలి కుక్కలో ముందు చూడాల్సింది కిడ్నీలు. అవి మూడింట రెండు వంతులు పోయాక మూత్రం పలచబడుతుంది, నాలుగింట మూడు వంతులు పోయాక రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. ఎస్‌డీఎంఏ అనే కొత్త పరీక్ష సగటున 40 శాతం నష్టం దగ్గరే పట్టిస్తుంది. క్రియాటినిన్ 1.4 లోపు ఉంటే మొదటి దశ, 2.8 వరకు రెండు, 5 వరకు మూడు, ఆపైన నాలుగు.

ఈ అంకెలో ఒక మెలిక ఉంది. క్రియాటినిన్ కండల నుంచి పుట్టే పదార్థం. కండ కరిగిపోయిన కుక్కలో అది పుట్టేదే తక్కువ. కాబట్టి బాగా చిక్కిన కుక్క రిపోర్టులో 1.3 వచ్చిందని సంబరపడటానికి లేదు, అదే కుక్క కండపట్టి ఉంటే ఆ అంకె ఎక్కువే ఉండేది. ఇలాంటప్పుడు మూత్రం చిక్కదనం, ఎస్‌డీఎంఏ కూడా అడగండి. ఎస్‌డీఎంఏ కండ మీద ఆధారపడని కొలత.

నోరు తెరిచి చూడటం మరిచిపోతాం. 42 పళ్లలో ఒక్కటి పుచ్చినా కుక్క మూలగదు. గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి, రెండు ముద్దలు తిని, కింద పడేసి వెళ్లిపోతుంది. క్యాన్సర్ కూడా చిట్టాలో ఉంది. పదేళ్లు దాటిన కుక్కల్లో దాదాపు సగానికి ఏదో ఒక రూపంలో వస్తుందని అమెరికా పశువైద్య సంఘం చెబుతుంది. దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనక గడ్డలు తగులుతున్నాయేమో తడిమి చూడటం ఉచిత పరీక్ష. థైరాయిడ్ మాత్రం పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. మనుషుల్లో, పిల్లుల్లో అది ఎక్కువై చిక్కిపోతారు గానీ, కుక్కల్లో తక్కువై లావెక్కడమే మామూలు. వయసులో ఉన్న ఆడకుక్క నెలకోసారి నీరసపడి, వాంతులు చేసుకుని, సెలైన్ ఎక్కించగానే లేచి కూర్చుంటోందంటే అడ్రినల్ గ్రంథిని అనుమానించాలి. సోడియంను పొటాషియంతో భాగిస్తే 27 కన్నా తక్కువ రావడం దానికి ఆనవాలు.

క్లినిక్‌కు ఏం పట్టుకెళ్లాలి

తూకాల చీటీ, ఆ రోజు మలం ఒక చిన్న డబ్బాలో, పొద్దున మూత్రం శుభ్రమైన సీసాలో, రోజుకు పెట్టే తిండి గ్రాముల్లో. వాంతి చేసుకుంటోందంటే ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి. పొట్ట ఎగదన్ని కక్కడం వేరు, తల దించగానే తిన్నది తిన్నట్టు జారిపడటం వేరు. రెండోది ఆహారనాళం సమస్య, పరీక్షలే మారిపోతాయి. మొదటి విడతలో రక్తకణాల లెక్క, షుగర్, కిడ్నీ, కాలేయం, ఆల్బుమిన్, మలం, మూత్రం, పిడుదుల జబ్బుల కిట్ చాలు. ఆల్బుమిన్ 2 కన్నా తక్కువైతే పేగుల్లోంచో, కిడ్నీల్లోంచో ప్రొటీన్ కారిపోతోందా, కాలేయం చేయడం మానేసిందా అని వెతకాలి. స్కానింగ్ ఆ తర్వాత. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులు అందుబాటులో ఉన్నవాళ్లు ఈ పరీక్షల గురించి అక్కడ అడిగి చూడొచ్చు. కూన ఒక్క పూట తినకపోయినా, పెద్ద కుక్క రెండో రోజు కూడా గిన్నె ముట్టకపోయినా, చిగుళ్లు పాలిపోయినా చీటీల కోసం ఆగొద్దు.

కారణం దొరికాక తిండి విషయంలో ఆత్రం పనికిరాదు. రోజుల తరబడి పస్తులున్న కుక్కకు ఒక్కసారిగా కడుపు నిండా పెడితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడున్న బరువుకు విశ్రాంతి క్యాలరీలు లెక్కగట్టి, మొదటి రోజు అందులో పావు నుంచి మూడో వంతు మాత్రమే, నాలుగైదు చిన్న విడతలుగా పెట్టాలి. మూడు నుంచి ఐదు రోజుల్లో పూర్తి లెక్కకు తీసుకురావాలి.

పిడుదుల జబ్బుకు 28 రోజుల కోర్సు పూర్తయ్యాక ప్లేట్‌లెట్లు మళ్లీ లెక్కించండి, అదే రోజు తూకం కూడా వేయండి. ప్లేట్‌లెట్లు లక్ష నుంచి మూడు లక్షలకు వచ్చి, బరువు మాత్రం అక్కడే ఉందంటే మందు పనిచేసినట్టే, కానీ లోపల ఇంకొకటి మిగిలి ఉంది. బబేసియా, హెపటోజూన్ కోసం రక్తం మళ్లీ పంపమని అడగాల్సింది అప్పుడే.